సందు వైపు దర్వాజ

కరీంనగర్‌లో మా గ్రంథాలయాన్ని బాగు చేసినప్పుడు వెనక వైపు ఒక దర్వాజను ఇటుకలతో మూసేశారు. ఆ చోటు ముందు నుంచి నడిచినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వయసు మీద పడింది, ఇంకా ఆ సంగతి ఎందుకు అంటారు ఇంట్లో వాళ్ళు. వాళ్ళకు అక్షరాలు చిన్నప్పుడే వచ్చాయి. బడికి పోనని మొండికేస్తే తన్ని పంపారు. నాకు ముప్పై దాటాక, ముగ్గురు పిల్లలు పుట్టాక వచ్చాయి. అవి ఎక్కడ వచ్చాయో ఆ చోటును నా కళ్ళ ముందే మూసేసి మరిచిపొమ్మంటే ఎట్లా మరుస్తాను?

గ్రంథాలయం అప్పటికి ఒక పాత బంగళా. నిజాం కాలంలో ఎవరో పెద్ద అధికారి ఉండేవాడట. డంగుసున్నం గోడలు, కింద షాబాదు బండలు. ముందు వైపు పెద్ద రోడ్డు, ఎత్తయిన మెట్లు, పొడుగాటి వరండా. వరండాలో పొద్దున, సాయంత్రం మగవాళ్ళు కూర్చుని పత్రికలు చదివేవారు. వెనక వైపు మా సందు. సందులో అందరం మగ్గం పని వాళ్ళమే. ఒకప్పుడు ఆ బంగళాకు వంటగదిగా ఉన్న గది దర్వాజ మా సందులోకి తెరుచుకునేది. పాత సర్కారు పోయిన తర్వాత ఆ గదిని ఆడవాళ్ళకు ఇచ్చారు. పైకప్పుకు పొయ్యి మసి అట్లాగే ఉండేది. గోడకు ఒక నల్లబల్ల, కింద ఒక జంపఖానా, మూలన నీళ్ళ కుండ. అంతే. అంత మంచి గది నేను మళ్ళీ చూడలేదు.

మధ్యాహ్నం వంటలు, అంట్లు అయిపోయాక ఒక పంతులమ్మ వచ్చి అక్షరాలు చెప్పేది. ఆమె మాకంటే చిన్నది. తెల్ల చీర కట్టుకునేది, గట్టిగా నవ్వేది. మేము చేటలు పట్టుకుని పోయేవాళ్ళం. చేటలో కోసిన తునికాకు, తంబాకు, దారం. మా మగవాళ్ళ మగ్గాల మీద బతుకు గడిచే రోజులు పోతున్నాయి. ఆడవాళ్ళం అందరం బీడీలు చేసేవాళ్ళం. చేట లేకుండా బయటికి అడుగు పెడితే అత్త ఊరుకోదు. అందుకని పంతులమ్మే ఒక పద్ధతి పెట్టింది. ఒకామె పుస్తకం పట్టుకుని పైకి చదవాలి, మిగతా వాళ్ళు బీడీలు చుడుతూ వినాలి. చదివినామె చేతికి ఆ సేపు పని ఉండదు కనుక, లేచేటప్పుడు తలా కొన్ని బీడీలు ఆమె చేటలో వేయాలి. అట్లా ఎవరి లెక్కా తగ్గేది కాదు. సాయంత్రం ఇంటికి పోతే అత్త చేటలోకి చూసి లోపలికి పోయేది.

మొదట నాకు బీడీలు వేసేవారు కాదు, నేనే వేసేదాన్ని. రెండో ఏడు నేను చదివాను. మొదటి రోజు ఒక పేజీకి గొంతు ఎండిపోయింది. వాక్యం చివర చుక్క కనిపిస్తే గట్టు ఎక్కినట్టు ఉండేది. సందు చివరి ఇంటి ముసలామె, మా అందరిలోకి పెద్దది, తన చేటలోంచి బీడీలు తీసి నా చేటలో వేస్తూ, "నత్తి నత్తిగ చదివితివి గని బిడ్డా, ఆ పోరి బావిల పడ్డదా లేదా అది చెప్పు ముందుగాల" అంది. కథలో పిల్లను బావి దగ్గర వదిలి ఆ రోజుకు ఆపేశాను మరి. ఆ రాత్రి సందులో ఎవరికీ నిద్ర పట్టలేదని మరునాడు నన్ను తిట్టారు.

మా యారాలు, అంటే తోడికోడలు, మా ఆయన అన్న భార్య, నేను అక్క అని పిలిచేదాన్ని, ఆమె మా అందరికంటే ఆలస్యంగా వచ్చింది. అక్షరాలు నేర్చుకునే వయసు దాటిపోయిందని తనే అనేది. ఆమె రావడానికి కారణం ఒకటుంది. ఆమె పుట్టిల్లు ధర్మపురి. ఒకసారి తల్లికి బాగా లేదని కబురొస్తే బస్టాండుకు ఒక్కతే పోయింది. ఎవరినో అడిగింది, వాడు ఏ బస్సు వైపు చెయ్యి చూపాడో, ఈమె ఏది ఎక్కిందో, చీకటి పడేవేళకు జమ్మికుంట పత్తి మార్కెట్టు ముందు దిగింది. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఒక పత్తి బండి ఆయన దయతలచి తన ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర ఉంచి, తెల్లారి తిరిగి బస్సు ఎక్కించాడు. ఈమె ధర్మపురి చేరేసరికి తల్లికి నయమై లేచి కూర్చుంది, అది వేరే మాట. కానీ ఇంట్లో మాత్రం ఆమె పేరు మారిపోయింది. "ఓ జమ్మికుంటా, మంచినీళ్ళు తే" అనేవాడు బావ. పిల్లలు కిసకిస నవ్వేవారు. చుట్టాలు వచ్చినా అదే పిలుపు. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చేది. ఆమె ముఖం మాత్రం నేను చూడలేకపోయేదాన్ని.

"బస్సు మీది అక్షరాలు నాకు నేను చదువుకోవాలె. అంతకన్న నాకేం వద్దు చెల్లే" అని ఆమె గదిలోకి వచ్చింది. ఆమెకు అఆలు వచ్చాయి. గుణింతాల దాకా వచ్చింది. అప్పుడే ఆ పరిశోధన వచ్చి మా మీద పడింది.

హైదరాబాదులో ఎవరో గొప్ప పండితుడు పోతే, ఆయన కొడుకులు ఆయన పుస్తకాలన్నీ మా గ్రంథాలయానికి ఇచ్చారు. సంస్కృతం, పారసీ, శాసనాలు, తాళపత్రాలు కూడా ఉన్నాయన్నారు. వాటి కోసం ఒక పరిశోధక గ్రంథాలయం కావాలన్నారు. విశ్వవిద్యాలయం నుంచి విద్వాంసులు వచ్చి కూర్చుని చదువుకుంటారన్నారు. సర్కారు డబ్బు మంజూరు చేసింది. ఇంజనీరు వచ్చాడు. కొత్తగా ఆంధ్రప్రదేశ్ అయిన రోజులు, అటు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు. కుర్రవాడు, మర్యాదస్తుడు. చేతిలో చుట్టచుట్టిన నీలం కాగితం. అందులో ఆ పుస్తకాల కోసం గీసింది మా గదినే.

ఆ పుస్తకాల మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. పుస్తకాలు ఎక్కువైతే సంతోషమే. వాటికి చోటు వెతికిన తీరు మీదే నా కోపమంతా.

మమ్మల్ని అడిగారు. అడగలేదని అనను. అడిగిన తీరు చెప్తాను, మీరే చూడండి. ఒక సాయంత్రం అటెండరు వచ్చి, ఇంజనీరు గారు రమ్మంటున్నారు, ఆడవాళ్ళ అభిప్రాయం కావాలట అన్నాడు. మేము సందు దర్వాజ దగ్గరకు వస్తాడనుకున్నాం. కాదు, మమ్మల్నే ముందు వైపుకు రమ్మన్నారు. చుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీదికి పోయి మెట్ల కింద నిలబడ్డాం. పైన వరండాలో ఇంజనీరు, పక్కన గ్రంథాలయం కార్యదర్శి, వృత్తికి వకీలు. వాళ్ళ వెనక కుర్చీల్లో పత్రికలు పట్టుకుని మా మామలు, మా బావలు, మా సందు పెద్దలంతా. పత్రికలు దించి మా వైపు చూస్తున్నారు. మాలో ఒక్కతి మామ ముందు నోరు తెరిచి ఎరుగదు. కొంగులు ముఖం మీదికి వచ్చేశాయి.

"ఏమ్మా, ఈ మార్పుల వల్ల మీకేమైనా ఇబ్బంది ఉందా? మొహమాటపడకుండా చెప్పండి" అన్నాడు ఇంజనీరు.

మా వెనక ఎవరో గాజులు కదిలించారు. ముసలామె, మాలో అందరికంటే పెద్దది కనుక, ఒక అడుగు ముందుకు వేసి నేల చూస్తూ, "మీ దయ సారూ. మాకేం తక్కువ. అంత మంచిగనే ఉన్నది" అంది.

మా వైపు అధికారి ఎవరు అడిగినా ఆ జవాబే చెప్తాం. కరువులో వచ్చి అడిగినా అదే చెప్పాం. పన్నులవాడు అడిగినా అదే చెప్పాం. అది మర్యాద. అది విని ఇంజనీరు ముఖం వెలిగింది. కార్యదర్శి తల ఊపాడు. ఆ తర్వాత ప్రతి సభలో "మహిళల అభిప్రాయం కూడా తీసుకున్నాం" అని చెప్పుకున్నాడు. మామల ముందు నిలబెట్టి కోడళ్ళ అభిప్రాయం అడిగించిన మనిషి మా ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. ఇంజనీరుకు తెలియకపోవచ్చు. ఈ వకీలుకు తెలియదా? ఆయన కోడలు ఆయన ఎదురుగా ఎన్నిసార్లు నోరు తెరిచింది?

వానకాలం పోయాక పని మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం చేటలు పట్టుకుని పోయేసరికి దర్వాజ చౌకట్లతో సహా పీకేసి సందులో పడేసి ఉంది. మేస్త్రీ ఇటుకలు పేరుస్తున్నాడు. మోకాళ్ళ ఎత్తు దాకా గోడ లేచింది.

"ఓ మేస్త్రీ, మేమేడికెళ్ళి పోవాలె లోపలికి?" అన్నాను.

"నన్నడిగితే ఏం జెప్త అక్కా. ఇటుకలిచ్చిండ్రు, గట్టుమన్నరు, గడుతున్న."

"జర ఆగు మరి, మేం లోపలికి పోయినంక గట్టు. లోపట్నే ఉంటం, ఎవ్వలికి ఫికర్ ఉండది" అంది ముసలామె. అందరం నవ్వాం. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో వరస పేర్చాడు. లోపల మా నల్లబల్ల మీద సున్నం బకెట్టు పెట్టి ఉంది. పొయ్యి మసి గీకేశారు. మా అక్క ఒక్కతే నవ్వలేదు. గోడ నడుము ఎత్తు వచ్చేదాకా అక్కడే నిలబడింది.

మేము కార్యదర్శి దగ్గరకు పోలేదనుకుంటారేమో. ముసలామెను ముందు పెట్టుకుని నేనూ ఇంకొకామె ఆయన ఇంటికే పోయాం. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. ఆయన ఓపికగా చెప్పాడు. "ఎనుక దర్వాజ ఏందమ్మా, మీరేమన్న దొంగలా? ఇప్పుడు స్వతంత్రమొచ్చింది. ఆడ మగ ఒక్కటే. ముందు దర్వాజ మీది గూడ. దర్జాగ మెట్లెక్కి రాండ్రి. పెద్ద హాలు, కుర్చీలు, పంకాలు. ఇంకేం గావాలె మీకు?"

ఆ మాటకు ఎదురు చెప్పడం నాకు అప్పుడు రాలేదు. వినడానికి అంత బాగుంది. ఇంటికి వచ్చాక, అంట్లు తోముతుంటే వచ్చింది. ఆ మెట్ల మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నది ఎవరో ఆయనకు తెలుసు. బావ ఎదురుపడితే చెప్పులు చేతిలోకి తీసుకుని పక్కకు తప్పుకునే మనుషులం. అంతమంది బావల మధ్య నుంచి, మామల మధ్య నుంచి, చేట పట్టుకుని ఎట్లా నడుస్తాం? మనిషి నడవలేని దారి చూపించి, దారి ఇచ్చాను అనడం ఏం న్యాయం?

ఇంతకంటే మంట పుట్టించే సంగతి ఒకటుంది. ప్రారంభోత్సవానికి మంత్రి వస్తున్నాడన్నారు. ముందు రోజు బావ మా అత్తకు చెప్పాడు, "అవ్వా, కోడండ్లను ఇద్దర్ని పట్టుచీరలు గట్టుకొని పంపు. మంత్రికి హారతియ్యాలె" అని. సందులోని కోడళ్ళందరికీ అట్లాగే కబురు వచ్చింది. ఆ రోజు మేమంతా ముందు మెట్ల మీదే నిలబడ్డాం. ఆ మామల మధ్యనే, ఆ బావల మధ్యనే. చేతుల్లో హారతి పళ్ళాలు. ఎవరి మర్యాదా చెడలేదు. పళ్ళెం ఉంటే ఎక్కవచ్చు, చేట ఉంటే ఎక్కరాదు. మంత్రి వచ్చి, బొట్టు పెట్టించుకుని, "ఇంతమంది మహిళలు గ్రంథాలయానికి రావడం నాకు చాలా ఆనందంగా ఉంది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మా అక్క నా పక్కనే ఉంది. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది, ఆమె చూడలేదు.

మరునాడు ఒక్క ఆడమనిషి రాలేదు. పంతులమ్మ హాలులో కుర్చీ మీద కూర్చుని మా కోసం ఎదురు చూసిందట. కొన్నాళ్ళు అట్లా చూసింది. చదువుకునే వాళ్ళు లేని చోట పంతులమ్మ ఎందుకని ఆమెను ఆదిలాబాదు వైపు బదిలీ చేశారు. పోయేముందు సందులోకి వచ్చి ఇంటింటికీ చెప్పి పోయింది. "ఆడవాళ్ళు రాలే, మేమేం జేస్తం" అని కార్యదర్శి అందరికీ చెప్పాడు.

ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అక్కకు నేను ఇంట్లోనే గుణింతాలు చెప్పాలని చూశాను. మొదట వాచకం కావాలి. మా దగ్గర ఉన్న వాచకాలు గది ఖాళీ చేసినప్పుడు లోపలే పోయాయి. గ్రంథాలయం నుంచి పుస్తకం ఇంటికి ఇవ్వాలంటే సంతకం పెట్టగల మగమనిషి పూచీ ఉండాలట. నా భర్త వేలిముద్ర మనిషి. చదవగలిగిన నేను పూచీకి పనికిరాను, చదవలేని ఆయనా పనికిరాడు. మిగిలింది బావ. బావతో నేను మాట్లాడను. అన్నం తిని ఆయన అరుగు మీద కూర్చున్నప్పుడు నేను తలుపు వెనక నిలబడ్డాను, మధ్యలో అత్త.

"అత్తా, బావకు చెప్పు. వాచకం గావాలట అని."

అత్త ఆయన వైపు తిరిగి, "ఓ కొడుకా, నీ మరదలు కలెక్టరైతదట, పుస్తకం గావాలట" అంది.

"ఏం పుస్తకమట అవ్వా?"

"ఏం పుస్తకమే?"

"వాచకం."

"వాచకమట. మల్ల బడిల గూసుంటదట."

ఆయనకు నేను చెప్పింది మొదటిసారే వినిపించింది. నాకు ఆయన చెప్పింది వినిపించింది. అయినా అత్త నోటి నుంచే మాట నడవాలి. చివరికి తీసుకొస్తానన్నాడు. తెచ్చాడు. వాచకం కాదు, వ్రతాల పుస్తకం. మళ్ళీ చెప్పించాను. ఈసారి భజన పాటల పుస్తకం తెచ్చాడు. సంగతి ఏమిటంటే, అంతమంది దోస్తుల ముందు, నెరిసిన మీసాల మనిషి బల్ల దగ్గర నిలబడి వాచకం అడగడానికి ఆయనకు సిగ్గు. "ఆడోళ్ళకు గివి చాలుతయి" అన్నాడు అత్తతో.

ఆ భజనల పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని మరునాడు నేనే పోయాను. మధ్యాహ్నం కాదు, కావాలని సాయంత్రమే పోయాను. మెట్లు ఎక్కాను. వరండాలో అందరూ పత్రికలు దించారు. బావ నన్ను చూశాడు. లేచాడు. ఏం చేస్తాడో అనుకున్నాను. కుర్చీ ఎత్తి, గోడ వైపు తిప్పి, నాకు వీపు పెట్టి మళ్ళీ పత్రిక తెరిచాడు. నేను లోపలికి పోయి, భజనల పుస్తకం ఇచ్చేసి, బావ పూచీ మీదే వాచకం తెచ్చుకున్నాను.

ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది. ఎంత పెద్దమనసు, మరదలు పోతదని కుర్చీ తిప్పుకున్నడు అన్నారు. ఇంట్లో కూడా, గసొంటి బావ ఎవ్వలికుంటడే అని అత్త నన్ను దెప్పింది. నేను ఆయనకు కృతజ్ఞత చూపాలని అందరి ఆశ. నాకు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఒక్క కుర్చీ తిరిగితే ఒక్క మరదలు నడిచింది. సందులో మిగతా వాళ్ళ బావలు ఎవరూ కుర్చీలు తిప్పలేదు. దర్వాజ ఉన్నప్పుడు ఎవరి మనసు పెద్దదో చిన్నదో మాకు అవసరమే పడలేదు.

లోపలికి పోయినప్పుడల్లా మా గదిని చూసేదాన్ని. తెల్లటి గోడలు, అద్దాల బీరువాలు, నున్నటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, పరిశోధన విభాగం అని పలక, తలుపుకు తాళం. తాళంచెవి కార్యదర్శి ఇంట్లో. నేను చూసినంత కాలంలో విశ్వవిద్యాలయం నుంచి ఒక్క పెద్దమనిషి వచ్చాడు. అటెండరు పరుగెత్తి తాళంచెవి తెచ్చేలోగా ఆయన మంచినీళ్ళు తాగి, బస్సు టైము అయిందని పోయాడు.

ఒకరోజు కార్యదర్శి హాలులో కనిపిస్తే అడిగాను. అప్పటికి నాకు నోరు వచ్చింది.

"సారూ, ఆ గది ఖాళీగనే ఉన్నది గద. మధ్యాహ్నం జరసేపు మాకియ్యరాదు?"

"అది పరిశోధనకమ్మా."

"ఎవ్వలు జేస్తుండ్రు సారూ?"

"వస్తరు. అసొంటి పనులు తొందరగ గావు."

"వచ్చిననాడు లేచిపోతం."

"బీడీలు పట్టుకొనా? ఆ పుస్తకాల మీద తంబాకు వడితే ఎవరు జవాబ్ జెప్పాలె?" అని ఆయన వెళ్ళిపోయాడు.

వాచకం వచ్చినా ఇంట్లో చదువు సాగలేదు. అక్క పలక పట్టుకుని కూర్చుంటే అత్త పిలిచేది. అత్త ఊరుకుంటే పిల్లలు పిలిచేవారు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య బిందె నిండేది, పప్పు పొంగేది. ఒకరోజు ఆమె 'కి, కీ' అని గట్టిగా అంటుంటే బావ మగ్గం దగ్గర నుంచి లేచి వస్తూ, "ఏం జమ్మికుంటా, ఏ బస్సెక్కుతున్నవు?" అన్నాడు. పిల్లలు పడి పడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, పలకను చూరులో దోపింది. మళ్ళీ తీయలేదు. ఎన్నిసార్లు చెప్పినా, "నాకెందుకు చెల్లే ఇగ. ఈ ఇంట్ల అక్షరాలు నిలుస్తలేవు" అంది.

ఆమె ఏడ్చి ఉంటే నాకు ఆ కోపం వచ్చేది కాదేమో. ఆమె నవ్వింది. ఆ నవ్వు మీద నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు బావ భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చాను. అత్త పక్కనే ఉంది. అత్త వైపు చూడలేదు.

"బావా, రేపటి నుంచి అక్క నాతోని గ్రంథాలయానికి వస్తది. ఆమెకు పేరున్నది. ఆ పేరుతోని పిలువు."

కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. అత్త చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. నా భర్త తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. బావ కంచం పక్కకు జరిపాడు.

"నేనేమన్న వద్దన్ననా?" అన్నాడు. "ఎవ్వలు ఆపిండ్రు? పొమ్మను."

అందరిదీ అదే మాట. కార్యదర్శి ఆపలేదు, ఇంజనీరు ఆపలేదు, బావ ఆపలేదు. ఇన్నేళ్ళు మమ్మల్ని ఎవ్వరూ ఆపలేదు. గోడ తనంతట తనే లేచింది.

మరునాడు అక్కా నేనూ ముందు మెట్లు ఎక్కాం. ఆమె కొంగు పళ్ళతో పట్టుకుంది. బావ ఆ రోజు వరండాకు రాలేదు. భార్యకు వీపు తిప్పి కూర్చోవడం కుదరదు కదా, ఇంట్లోనే ఉండిపోయాడు. హాలులో కుర్చీల మీద ఎదురెదురుగా కూర్చుని వాచకం తెరిచాం. ఆమె వేలు పెట్టి, "గు, గూ" అంది. గుమాస్తా బల్ల మీద కొట్టాడు. నిశ్శబ్దం అని రాసి ఉన్న పలక చూపించాడు. నేను దగ్గరకు పోయి చెప్పాను. పైకి అనకుండా గుణింతాలు ఎట్లా వస్తాయి అన్నాను.

"ఇది చదువుకునే జాగ. చదువు నేర్చుకునే జాగ గాదు" అన్నాడు.

అక్క లేచింది. ఇంటికి పోదామంటుందనుకున్నాను. ఆమె నేరుగా నడిచి మెట్ల దాకా పోయి, పై నుంచి రెండో మెట్టు మీద కూర్చుంది. "గీడ నిశ్శబ్దం లేదు గద" అంది. రోడ్డు మీద రిక్షాలు, బండ్లు, వెనక వరండాలో పెద్దల దగ్గులు. ఆమె కొంగు కొంచెం వెనక్కి జరిపి, వాచకం ఒళ్ళో పెట్టుకుని, "గె, గే" అంది.

ఆ చలికాలం, ఆ ఎండాకాలం మేము మెట్ల మీదే కూర్చున్నాం. చేటలు కూడా తెచ్చుకున్నాం. వరండాలో వాళ్ళు మొదట గొంతులు సవరించారు, తర్వాత దారికి అడ్డమన్నారు, తర్వాత మా వైపు చూడడం మానేశారు. సందులో మిగతా ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. వాళ్ళను నేను తప్పు పట్టను. ముసలామె ఒకసారి మెట్ల కింద దాకా వచ్చి, పైకి చూసి, "నాకు మోకాళ్ళు లేవు బిడ్డా, మీరు జదువుండ్రి" అని తిరిగి పోయింది. వెనక దర్వాజకు మెట్లు ఉండేవి కావు.

అక్క గుణింతాలు దాటింది. ఒత్తుల దగ్గర చాలా రోజులు తిప్పలు పడింది, నా మీద అరిచింది, నేను ఆమె మీద అరిచాను. అవీ వచ్చాయి. కథల పుస్తకం ఇంకా చేతికి తీసుకోలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం మేము పోయేసరికి పై మెట్టు పక్కన స్తంభానికి కొత్త పలక కొట్టి ఉంది. రంగు ఇంకా తడిగానే ఉంది. వరండాలో అందరూ మేము ఏం చేస్తామా అని చూస్తున్నారు. గుమాస్తా తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ఒక్క చూపులో చదివేశాను. నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది.

ఆమె పలక దగ్గరకు పోయి నిలబడింది. వేలు ఎత్తి, రంగు అంటకుండా ఒక్కో అక్షరం మీదుగా జరుపుతూ, రోడ్డు దాకా వినిపించేలా కూడబలుక్కుంది. "మె, ట్ల... మెట్ల. మీ, ద... మీద. కూ, ర్చో... రా, దు." మళ్ళీ మొదటి నుంచి ఒక్క ఊపిరిలో చదివింది. "మెట్ల మీద కూర్చోరాదు." ఎవరూ చెప్పకుండా తన జన్మలో ఆమె చదివిన మొదటి పూర్తి వాక్యం అది. మా గ్రంథాలయం మా అక్క కోసం రాయించింది అదొక్కటే.

ఆమె నా వైపు తిరిగింది.

"వచ్చింది గద?" అంది.

"వచ్చిందక్కా."

"అయితే కూసో" అని చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆ పలక కిందనే, ఎప్పుడూ కూర్చునే మెట్టు మీద కూర్చుంది. చేట ఒళ్ళోకి లాక్కుంది. నేను కూర్చుని కథల పుస్తకం తీసి ఆమె చేతికి ఇచ్చాను.